ఒక్క సీటు విమానం, ఎనిమిది తప్పులు

నా చిన్నప్పుడు మా షామీర్‌పేట ఆకాశం ఖాళీగా ఉండేది కాదు. హకీంపేట వైపు నుంచి శిక్షణ విమానాలు లేచి, మా డాబాల మీద ఒక చుట్టు చుట్టి వెళ్లేవి. మిగతా పిల్లలు చెవులు మూసుకునేవాళ్లు, నేను నోరు తెరుచుకునేదాన్ని. నాకు విమానాల మీద అభిమానం, మా నాయినకు నా చదువు మీద అనుమానం. రెండూ సమానంగా పెరుగుతూ వచ్చాయి.

ఆ అభిమానానికి సగం కారణం మా పక్కింటి చాచా. వాయుసేనలో మెకానిక్‌గా పనిచేసి రిటైరై, సొంతూరికి వచ్చి రెండెకరాల్లో కూరగాయలు పండించుకునేవాడు. డెబ్బై ఒకటి యుద్ధంలో 'నాట్' అనే బుల్లి ఫైటర్ విమానాలకు మరమ్మతులు చేసిన చేతులవి. నిచ్చెన కూడా అక్కర్లేకుండా, నేల మీద నిలబడే చాలా పని చేయగలిగేవాళ్లట. "జహాజ్ గాదు బేటీ అది, గుర్రం పిల్ల" అనేవాడు, తోటలో వంకాయలు తెంపుతూ.

నేను ఏడో తరగతిలో ఉండగా మేడ్చల్‌లోని మా బడిలో సైన్స్ ఎగ్జిబిషన్ పెట్టారు. ఎవరేం తెస్తారని టీచర్ అడిగితే, మా చాచా యుద్ధంలో బాగుచేసిన విమానాన్ని అచ్చు గుద్దినట్టు తయారు చేసి తెస్తానని క్లాసంతా వినేలా చెప్పేశాను. నోరు తెరుచుకునే అలవాటు ఆకాశంతో ఆగలేదన్నమాట.

ముక్కలు అతికించి విమానం తయారుచేసే ప్లాస్టిక్ కిట్లు సికింద్రాబాద్‌లో ఒకే ఒక్క దుకాణంలో దొరుకుతాయని ఎవరో చెప్పారు. నాయిన నన్ను బస్సులో తీసుకెళ్లాడు. మొదటిసారి పోతే దుకాణం మూసి ఉంది. రెండోసారి కిట్లు అయిపోయాయి. మూడోసారి పై అరలో దుమ్ము పట్టిన డబ్బాలు కనిపించాయి. ఎవరెవరి యుద్ధాల్లోనో ఎగిరిన ఫైటర్లు వరసగా ఉన్నాయి. మన యుద్ధంలో ఎగిరింది మాత్రం లేదు. వెతగ్గా వెతగ్గా నాట్ బొమ్మ ఉన్న డబ్బా ఒకటి దొరికింది కానీ, అది ఎర్రగా, రెండు సీట్లతో ఉంది. నేర్పడానికి వాడే రకం. ఒక్క సీటు ఫైటర్ కావాలని అడిగితే దుకాణదారు నవ్వాడు. "అది రాదమ్మా. వచ్చినప్పుడు వచ్చింది తీస్కోవాలె. గిది గూడ గీ ఒక్కటే పీసు."

తెచ్చుకున్నాం. రెండు సీట్లలో ఒకటి తీసేస్తే ఒకటి మిగులుతుంది కదా అనుకున్నాను. లెక్కల్లో నాకు మంచి మార్కులే వచ్చేవి.

పది రోజులు పట్టింది. వెనక సీటు కోసేసి, ఆ గుంతలో పైపుల లీకేజీకి పెట్టే ముద్ద కూరి నున్నగా గీకాను. ఫిరంగుల కోసం అయిపోయిన పెన్ను రీఫిల్ ముక్కలు పెట్టాను. మా గేటుకు వేయగా మిగిలిన వెండి రంగు పూశాను. ముక్కలు విమానానికి అంటుకున్నదానికంటే నా వేళ్లకే ఎక్కువ అంటుకున్నాయి. విమానం పేరు నాట్, నా పనితనం నాటు. తోక మీద నంబర్ ఏమిటని చాచాను అడిగితే, "మస్తు జహాజ్‌ల మీద చెయ్యివెట్టిన బేటీ, ఏ నంబరని యాదికుంటది?" అన్నాడు. మా నాయిన స్కూటర్ నంబర్ వేసేశాను. ఆఖరున అందమైన అక్షరాలతో అట్ట ముక్క మీద రాశాను: యుద్ధంలో మా చాచా స్వయంగా బాగుచేసిన విమానం, అచ్చమైన నమూనా.

ఎగ్జిబిషన్ ముందురోజు సాయంత్రం చాచా చూడ్డానికి వచ్చాడు. విమానాన్ని చేతుల్లోకి తీసుకుని, రెక్క అంచు మీద వేలు పెట్టి నెమ్మదిగా తోకదాకా జరిపాడు. "మస్తు జేసినవ్" అన్నాడు. తర్వాత చీటీ చదివించుకున్నాడు. విమానాన్ని నా సామాన్ల పక్కన దించాడు. నేను బ్లేడు, ఆకురాయి, పట్కారు, సూది, నెయిల్ కట్టర్ అన్నీ జామెట్రీ బాక్సులో సర్దుకుంటున్నాను.

"సామాన్లన్నీ ఉన్నయా?" అని అడిగాడు.

"ఉన్నయి చాచా" అంటూ మూత పెట్టాను.

"లెక్కవెట్టినవా?"

"పెట్టిన. ఐదు."

చాచా, నేను చూడకుండా ఎప్పుడు తీసుకున్నాడో, తన జేబులోంచి నా ఆకురాయి తీసి విమానం పక్కన పెట్టాడు. "మరి గిదేంది?"

పొయ్యి దగ్గరున్న మా అవ్వ పకపకా నవ్వింది. నా ముఖం ఎలా ఉందో నేను చూడలేదు కానీ, ఆ డబ్బా మీది ఎర్ర విమానంలా ఉండి ఉంటుంది.

అప్పుడు చాచా తన కథ చెప్పాడు. యుద్ధం జరుగుతున్న రోజుల్లో ఒక పొద్దున, పని ముగించి, సామాన్లన్నీ ఉన్నాయని కాగితం మీద సంతకం చేసి, చాయ్ కోసం వెళ్లాడట. గ్లాసు పట్టుకుని కోటు తడుముకుంటే జేబులో పేచ్‌కస్ లేదు. స్క్రూ తిప్పే ఆ చిన్న పనిముట్టు విమానం లోపల ఎక్కడైనా పడిపోయి ఉంటే, గాల్లో ఏ తీగకో అడ్డం పడుతుంది. అప్పటికే ఇంజిన్ మోగుతోంది. చాయ్ పారేసి, రెండు చేతులూ ఊపుతూ పరుగెత్తి విమానాన్ని ఆపించాడు. పెద్దసార్లు తిట్టారు. గంటసేపు మూతలన్నీ విప్పి వెతికారు. దొరకలేదు. చివరికి చూస్తే, జేబు చినిగి, పేచ్‌కస్ కోటు లోపలి ఆస్తర్ గుడ్డలోకి జారిపోయి ఉంది.

"గా దినం నుంచి అందరు నన్ను పేచ్‌కస్ సాబ్ అన్నరు. నవ్విన్రు. నవ్వితే ఏమైతది? గా పైలెట్ పిలగాడు పోయి మంచిగ వాపస్ వచ్చిండు. ఉన్నయని చూడకుంట సంతకం వెట్టిన, గది నా తప్పు. దాన్ని జెప్పుకున్న, గది నా నౌకరీ."

లేస్తూ చీటీ వైపు చూశాడు. "మా కాయిదం మీద రెండుంటుండె బేటీ. చేసిన పని, చేయని పని. చేయనిది గూడ రాస్తెనే ఎగిరేటోడు మనల్ని నమ్ముతడు. ఇగ నీ ఇష్టం." అంతే, వెళ్లిపోయాడు. చీటీ మార్చమని అనలేదు. అన్నా బాగుండేది, ఎదురు తిరిగేదాన్ని.

అన్నం పెట్టేలోపు నేను తిప్పలు పడ్డాను. క్లాసంతటికీ గొప్పలు చెప్పుకున్నాను. తప్పులు నేనే రాసుకుంటే ప్రైజు పోతుంది, పరువూ పోతుంది. రాయకపోతే చాచా రేపు వచ్చి దాని ముందు నిలబడతాడు. "గన్ని వంకలున్న పిల్లను ఎవలు చేసుకుంటరే?" అంది అవ్వ, నేను లెక్కపెడుతుంటే విని. అయినా కొత్త అట్ట ముక్క తీసి రాశాను. రెక్కలు రెండు సీట్ల రకానివి, అసలువాటికంటే పెద్దవి. ఒళ్లు పొడుగు తగ్గించలేకపోయాను. వెనక సీటు ఉండాల్సిన చోట పైపుల ముద్ద ఉంది. ఫిరంగులు రీఫిళ్లు. యుద్ధంలో పచ్చ, మట్టి రంగులు పూసేవాళ్లని చాచా చెప్పాడు, ఈ వెండి రంగు మా గేటుది. తోక మీది నంబర్ స్కూటర్‌ది. చాచా ఇలాంటివి చాలా బాగుచేశాడు కానీ, సరిగ్గా ఈ విమానాన్నే బాగుచేశాడని చెప్పలేను. మొత్తం ఏడు.

మర్నాడు బడిలో విమానాన్ని చూసినవాళ్లకంటే చీటీ చదివినవాళ్లే ఎక్కువ. "ఏయ్, దీని విమానం పెట్రోల్ బంకుకు పోయి ఆయిల్ పోయించుకుంటదంట!" అని ఒకమ్మాయి స్కూటర్ నంబర్ దగ్గర గట్టిగా అరిచింది. బెంచీలు బెంచీలు నవ్వాయి. ప్రైజు ఎవరో చేసిన నీటిచక్రానికి పోయింది. నేను తల వంచుకుని నా బల్ల దగ్గర నిలబడ్డాను. అంత చిన్న విమానం వెనక దాక్కోవడం కూడా కుదరలేదు.

మధ్యాహ్నం చాచా వచ్చాడు, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాతో. ఆయనకు తెలుగు చదవడం రాదు. నేను ఒక్కొక్క తప్పూ చదువుతుంటే, వేళ్లు ముడుస్తూ విన్నాడు. ఏడు అయ్యాక విమానం చుట్టూ ఒకసారి తిరిగి, వంగి చూశాడు.

"ఒకటి ఇడిసినవ్. రాయి. చక్రాల ముందట దిమ్మెల్లేవు. నిలవెట్టిన జహాజ్‌కు దిమ్మెలు వెట్టకుంటె అది జారదా?"

ఎనిమిదోది రాశాను. అప్పుడు చాచా నా చేతిలోని పెన్ను తీసుకుని, ఆ చీటీ కింద, కుడి నుంచి ఎడమకు, ఉర్దూలో తన సంతకం పెట్టాడు. పెట్టాక ఒక అడుగు వెనక్కి వేసి, విమానం వైపు చూసి నిటారుగా నిలబడ్డాడు.

ఇప్పుడు నేను పేట్ బషీరాబాద్‌లో ఇళ్ల ప్లాన్లు గీస్తాను. గీసిన ప్రతి ప్లానుకూ కింద మూలన, నేను స్వయంగా కొలవనివి, నాకు తెలియనివి రాస్తాను. "తప్పులు మీరే రాస్కుంటే ఎట్ల మేడం?" అని విసుక్కున్నవాళ్లున్నారు. రెండో ఇల్లు కట్టుకునేటప్పుడు వాళ్లే మళ్లీ వచ్చారు. విమానం నా బల్ల మీదే ఉంది. చక్రాల ముందు అగ్గిపుల్లతో చేసిన దిమ్మెలు ఆ సాయంత్రమే పెట్టేశాను. మిగిలిన ఏడూ అలాగే ఉన్నాయి.

చాచా లేడు కాబట్టి ఈ కథలోని తప్పులు కూడా నేనే రాసుకోవాలి. పైన ఆయన మాటలు నాకు గుర్తున్నట్టు రాశాను, అన్నవి అన్నట్టుగా కాదు. ఆకురాయి ఏ జేబులోంచి తీశాడో గుర్తులేదు. అరిచిన అమ్మాయి అంత గట్టిగా అరవలేదేమో, నాకు అలా వినిపించిందేమో. మిగతావన్నీ ఉన్నాయి. ఈసారి లెక్కపెట్టాను.