భూరాను తీసుకుని నాందేడ్‌కు

మా చిన్నాయన ఫౌజులో పనిచేసి వచ్చిన మనిషి. ఒంటరిగా ఉంటూ కింద పడ్డాక, నాందేడ్ శివారులో మాజీ సైనికుల ఆశ్రమంలో చేర్చాం. ఆయన కుక్క భూరా ఉమ్రిలో మా ఇంటికొచ్చింది. ఆశ్రమంలో ఆయన సగం రొట్టెతోనే ఆపేస్తున్నాడని, ఇలాగే చిక్కిపోతే దవాఖానలో చేర్చాల్సి వస్తుందని మేనేజర్ ఫోన్ చేశాడు. కుక్కను తేవచ్చా అని అడిగాను. వరండా వరకైతే సరేనన్నాడు.

రైలైతే గంటలో చేరుస్తుంది కానీ, కుక్కను మన పెట్టెలో కూర్చోనివ్వరు. అందుకని పొద్దున ఆరింటికి కూరగాయల టెంపో ఎక్కాం.

"నీకు వంద, కుక్కకు పుక్కట్," అన్నాడు డ్రైవర్ గంగారాం. "కని అన్నా, టమాటల మీద కూసున్నదంటె గవన్ని నువ్వే కొనాలె!"

మార్కెట్ దగ్గర దిగి ఆటోలో ఆశ్రమం చేరేసరికి ఎనిమిదిన్నర. మేనేజర్ గేటు దగ్గరే ఆపాడు. "వరండా దాటొద్దు. ఒక్కలు భయపడ్డా మల్ల రానియ్య."

చిన్నాయనను చక్రాల కుర్చీలో తెచ్చారు. భూరా మొరగలేదు, ఎగరలేదు. వెళ్లి ఆయన మోకాలి మీద గదుమ ఆనించింది. అంతలో వంటావిడ సక్కుబాయి జొన్నరొట్టె పళ్లెం తెచ్చింది. ఆయన మొదటి ముక్క తుంచి భూరాకు పెట్టి, తర్వాత తాను తినడం మొదలుపెట్టాడు.

"అయ్యో, రోజు గట్లనే ముక్క తెంపి పక్కకు పెడ్తుండె!" అంది సక్కుబాయి. "రొట్టె గట్టిగైందేమొ అని రోజింత మెత్తగ చేస్కుంటొచ్చిన."

"రొట్టె మంచిగనే ఉంటదక్కా. వాడు తిన్నడో లేదో తెల్వకుంటె నాకు దిగదు," అన్నాడు చిన్నాయన. ఇంకో రొట్టె అడిగాడు.

పక్క కుర్చీలోని పెద్దాయన కేకేశాడు: "ఒక్కనికేనా? నా దిక్కు సుత పంపురి!"

మేనేజర్ నవ్వు ఆపుకున్నాడు. "అచ్చే ఐతారం సుత తోల్కరా," అన్నాడు. వచ్చే ఆదివారానికి కూడా అనుమతి దొరికింది.

వెళ్లిన ప్రతిసారీ నేను చిన్నాయనను అడిగేది ఒకటే, తిన్నావా అని. ఆయనకూ ఆ మాట అడగాల్సినవాడు ఒకడున్నాడని నాకు తట్టలేదు. ఈసారి ఇద్దరికీ అడగాల్సిన పనే పడలేదు.

మీరూ ఇలా వెళ్లేటట్టయితే, కుక్కకు పిచ్చికుక్క టీకా వేయించిన కాగితం వెంట పెట్టుకోండి. బయలుదేరే ముందు దానికి కడుపునిండా మాత్రం పెట్టకండి. అక్కడ ఒకరు పెట్టాలని చూస్తుంటారు.