ఎనిమిదో సిలిండర్ గురించి నేను చెప్పిన మాట

ఆంటీ సాక్ష్యం చెప్పిన ఆదివారానికి ఆ బండిని నేనింకా చూడనే లేదు.

మెల్‌బోర్న్ శివారు వెర్రిబీలో మా తెలుగు సంఘం ఒక ప్రైమరీ స్కూలు హాల్లో కూడుకునేది. పాటలయ్యాక, వాక్యానికి ముందు సాక్ష్యాలు ఉండేవి. ఉద్యోగం దొరికినవాళ్లు, ఆస్ట్రేలియాలో ఉండిపోవడానికి పీఆర్ వచ్చినవాళ్లు, స్కాన్‌లో గడ్డ కనపడలేదని డాక్టరు చెప్పినవాళ్లు లేచి రెండు మాటలు చెప్పి కూర్చునేవారు. మాలో ఇంకో అలవాటు కూడా ఉండేది. అడిగింది చేతికి రాకముందే, వచ్చేసిందని నమ్మి, అందరి ముందూ దేవునికి కృతజ్ఞత చెప్పేయడం. దాన్ని విశ్వాసపు సాక్ష్యం అనేవాళ్లం. ఆ రోజు ఆంటీ మైకు అందుకుని, "దేవుడు నాకు ఎనిమిది సిలిండర్ల స్పోర్ట్స్ కారు ఇచ్చాడు. వచ్చే ఆదివారం పాస్టర్‌గారు ప్రతిష్ఠ ప్రార్థన చేస్తారు. భోజనాలు మావే," అన్నారు. హాలంతా స్తోత్రాలు, చప్పట్లు. చివరి వరసలో కూర్చున్న నేను మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఆ బండి ఇంకా అమ్మేవాడి ఇంటి ముందే ఉంది. శనివారం దాన్ని పరీక్ష చేసి, కొనొచ్చో లేదో చెప్పాల్సింది నేను.

అప్పుడు నేను మెల్‌బోర్న్‌లో మెకానికల్ ఇంజనీరింగ్‌లో మాస్టర్స్ చదువుతున్నాను. ఆంటీ వాళ్లింట్లో వెనక గదిలో ఉండేదాన్ని. మా నాన్న కృష్ణా జిల్లాలో చిన్న సంఘానికి ఉపదేశి. ఆంటీ వాళ్లది పక్క ఊరి సంఘం. ఆ పరిచయంతోనే నాకు ఆ గది దొరికింది. వారంలో అయిదు రోజులు యూనివర్సిటీకి వెళ్లి, శనివారాలు ఇంటికి దగ్గర్లోని ఒక వర్క్‌షాపులో పనిచేసేదాన్ని. దాని యజమాని చిన్నప్పుడే ఇటలీ నుంచి వచ్చిన ముసలాయన. మొదటి మూడు నెలలు నా చేత ఆయిలు మార్పించి, నేల తుడిపించాడు. తర్వాత నాకు కంప్రెషన్ గేజి ఇచ్చి, ఇంజను ఊపిరి ఎలా చూడాలో నేర్పాడు.

ఆంటీ ఆపరేషన్ థియేటర్‌లో నర్సు. ముప్పై ఏళ్ల సర్వీసు. అంకుల్ సబర్బన్ రైలు నడిపేవారు, సంఘంలో పెద్ద. పిల్లలు స్థిరపడ్డాక ఆంటీకి ఒకటే కోరిక మిగిలింది, రెండు తలుపుల స్పోర్ట్స్ కారు. ఒకే మోడల్లో రెండు బండ్లు చూసి పెట్టుకున్నారు. ఆకుపచ్చదానికి ఆరు సిలిండర్లు, నారింజ రంగుదానికి ఎనిమిది. ఏది కొనాలన్న చర్చ రెండు వారాలు మా భోజనాల బల్ల దగ్గరే నడిచింది.

ఆరు సిలిండర్ల మంచితనం నేను చెప్పేదాన్ని. ఆ ఇంజనులో ఆరూ ఒకే వరసలో ఉంటాయి. ముందు మూడు, వెనక మూడు ఒకదానికొకటి అద్దంలో బొమ్మల్లా కదులుతాయి. ఒకటి ఇచ్చిన కుదుపును ఇంకొకటి మింగేస్తుంది. బరువు తక్కువ కాబట్టి మలుపు తిప్పితే ముక్కు చెప్పిన వైపే వెళ్తుంది. ఎనిమిదికి బలం ఎక్కువ, కానీ ఆ బరువంతా ముందు చక్రాల మీద పడుతుంది. మలుపులో బండి తిన్నగా పోదామని చూస్తుంది.

"ఇంజను మీద గ్లాసుడు నీళ్లు పెట్టినా తొణకవు ఆంటీ, అంత స్మూత్," అన్నాను.

"గ్లాసుడు నీళ్లు నాకెందుకే? ముప్పై ఏళ్లు థియేటర్లో గుసగుసల మధ్య బతికాను. నా బండెక్కితే నాకు కాస్త గోల కావాలి."

"గోలకి మన క్వయర్ చాలదా?" అన్నారు అంకుల్. "ఆరు తీసుకో. అసలు నీ వయసుకి నాలుగు చాలు."

"నా వయసు నా దగ్గరుంది లెండి. మీరు పప్పు వేసుకోండి."

నిజం చెప్పాలంటే ఆ గోల నాకూ ఇష్టమే. ఎనిమిది సిలిండర్ల బండి సిగ్నల్ దగ్గర నిలబడి గొణుగుతుంటే ఛాతీలో వినపడుతుంది. అందుకే ఆ విషయం ప్రార్థనలో పెట్టాను. నా ఇష్టం గానీ, నా చదువు గానీ అడ్డు రాకుండా, ఉన్నది ఉన్నట్టు చూసి చెప్పే మనసు ఇవ్వమని అడిగాను. ఆంటీ కూడా, "నువ్వు శనివారం చూసి చెప్పు తల్లీ, దాన్నిబట్టి వెళ్దాం," అన్నారు. ఆ శనివారం దాకా ఆగలేక, ముందు ఆదివారమే మైకు అందుకున్నారు.

అంతే, అంకుల్ పక్షం మారిపోయింది. కార్లోనే నాతో, "ఇంక ఆరు మాట ఎత్తకమ్మా. సంఘం ముందు సాక్ష్యం అయిపోయింది. పెద్దగారి భార్య మాట నేలన పడకూడదు," అన్నారు. ఆ వారమంతా ఇంట్లో ఎనిమిది అన్న అంకె తప్ప ఇంకేమీ వినపడలేదు.

శనివారం పొద్దున అమ్మేవాడు నారింజ బండిని వర్క్‌షాపుకి తెచ్చి, కాఫీ తాగొస్తానని వెళ్లాడు. మా ముసలాయన బోనెట్టు ఎత్తి, "యువర్ జాబ్, లవ్," అని నాకు వదిలేసి పక్క బండి దగ్గరికి పోయాడు. ఎనిమిది స్పార్క్ ప్లగ్గులూ తీశాను. ప్రతి సిలిండర్ రంధ్రంలో గేజి బిగించి, తాళం తిప్పి ఇంజనును నాలుగైదు చుట్లు తిరగనిస్తే, లోపలి గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటుందో ముల్లు చూపిస్తుంది. అన్నిటిలో ముల్లు దాదాపు ఒకేచోట ఆగాలి. తాళం తిప్పే పని అంకుల్‌ది. ఆంటీ నా పక్కన నిలబడ్డారు. స్పానరు అడిగితే పిడి నా వైపుండేలా అరచేతిలో చప్పున పెట్టారు, సర్జనుకి పెట్టినట్టు. రెండోసారి అడగాల్సిన పని లేకపోయింది.

ఏడు సిలిండర్లు ఒక్కలా వచ్చాయి. ఎనిమిదోది, లోపలి చివర ఉన్నది, ముల్లు మూడింట రెండు వంతులు ఎక్కి ఆగిపోయింది. మళ్లీ చేశాను, అంతే. రంధ్రంలో కొంచెం ఆయిలు పోసి మళ్లీ చేశాను. పిస్టన్ రింగులు అరిగుంటే ఆయిలు పడగానే ముల్లు పెరుగుతుంది. పెరగలేదు. అంటే వాల్వు దగ్గర గాలి పోతోంది.

గేజి విప్పి చేతిలోకి తీసుకున్నాను. ఆ బండి నడుస్తుంది. ఇంకో ఏడాది ఎవరికీ ఏమీ తెలియదు. పాస్టర్‌గారు ప్రార్థన చేస్తారు, సంఘమంతా బిర్యానీ తింటుంది, ఆంటీ సాక్ష్యం నిలబడుతుంది, నేను వెనక గదిలో హాయిగా పడుకుంటాను. "కొంచెం వీక్‌గా ఉంది ఆంటీ, పర్లేదు," అంటే చాలు. ఆ మాట నాలుక మీదికి వచ్చింది కూడా.

"ఆంటీ, ఏడు బాగున్నాయి. ఎనిమిదోది బాగాలేదు. ఈ బండి కొనొద్దు," అన్నాను.

అంకుల్ కారు దిగారు. "అంటే దేవుడిచ్చిన బండికి నువ్వు వంక పెడుతున్నావా?"

"దేవుడింకా ఇవ్వలేదంకుల్. ఇప్పటిదాకా అమ్మేవాడే తెచ్చాడు."

ఆంటీకి నవ్వొచ్చి ఆపుకున్నారు. అంకుల్‌కి మాత్రం కోపం వచ్చింది. "నాకు తెలుసులే. ఎనిమిది సిలిండర్ల బండి పి ప్లేటు వాళ్లు ముట్టుకోకూడదు. ఆరైతే నువ్వూ తిప్పుకోవచ్చు. అందుకేగా మొదట్నించీ ఆరు, ఆరు అంటున్నావు?"

ఆ రోజుల్లో చట్టం అదే. కొత్తగా లైసెన్సు తీసుకున్నవాళ్లం బండికి పి అక్షరం తగిలించుకుని తిరగాలి, ఆ కొన్నేళ్లూ ఎనిమిది సిలిండర్ల బండి నడపకూడదు. నాకు అప్పుడు ఆకుపచ్చ పి, అంటే ఆ గడువులో రెండో దశ. ఆయన అన్నదాంట్లో అబద్ధం ఏమీ లేదు, నా మనసు గురించి అన్నది తప్ప. అది ఎంత గుచ్చుకుందంటే, తర్వాత ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆంటీ ఎన్నిసార్లు తాళాలు చాపినా నేను తీసుకోలేదు.

గేజి ఆయన చేతికిచ్చాను. "మీరే బిగించండంకుల్. తాళం నేను తిప్పుతాను. ముల్లు మీరే చూడండి."

రైలు నడిపే మనిషికి యంత్రం ముందు మొండితనం ఎక్కువసేపు ఉండదు. ముందు బాగున్న సిలిండర్ చూశారు. తర్వాత చివరిది చూశారు. ఒకసారి కాదు, మూడుసార్లు నా చేత తాళం తిప్పించారు. ఆఖరికి గేజిని గుడ్డతో తుడిచి నా చేతిలో పెట్టి, చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయారు. అంతసేపూ పక్క బండి కింద పనిలో ఉన్నట్టు నటించిన మా ముసలాయన తల బయటపెట్టి, "నౌ హీ నోస్," అన్నాడు.

"రిపేరు చేయించుకుంటే?" అని అడిగారు ఆంటీ. గొంతులో ఆశ ఇంకా ఉంది.

"ఇంజను పైనున్న హెడ్డు విప్పితేగానీ ఏం బయటపడుతుందో నాకు తెలీదాంటీ. తెలియనిది బాగుంటుందని నేను చెప్పలేను."

ప్లగ్గులన్నీ తిరిగి బిగించాను. అమ్మేవాడు విని, భుజాలెగరేసి, బండి తీసుకుపోయాడు. ఆంటీ పేవ్‌మెంట్ మీద నిలబడి, అది మలుపు తిరిగేదాకా చెవి అటే పెట్టారు. "ఇప్పుడు వినపడుతోందే. కుంటుతోంది," అన్నారు. ఆ రోజే ఆకుపచ్చ బండి చూడ్డానికి వెళ్లాం. ఆరు సిలిండర్లలో ముల్లు ఆరుసార్లూ ఒక్కచోటే ఆగింది. ఆంటీ దాన్ని సముద్రం వైపు ఒక చుట్టు తిప్పుకొచ్చి, దిగి, "పైకి గోల లేదు గానీ దీనికీ ఒక గొంతుంది," అన్నారు.

మర్నాడు పొద్దున బయల్దేరే ముందు అంకుల్ మెల్లగా అన్నారు. "సంఘంలో ఏం చెప్పక్కర్లేదు. కొత్త బండి వచ్చింది, అంతే. ఎన్ని సిలిండర్లో ఎవడు లెక్కపెడతాడు?"

"నేనే లెక్కపెట్టి చెప్పాను కదండీ, మైకులో," అన్నారు ఆంటీ.

పాటలయ్యాక ఆవిడే ముందు లేచారు. "పోయిన వారం నేను దేవుణ్ణి అడగలేదు, దేవునికి చెప్పాను. ఎనిమిది ఇస్తానని ఆయన నాతో ఎక్కడా అనలేదు. అది నా ఆశ. దాన్ని సాక్ష్యమని మీ ముందు పెట్టాను. నన్ను క్షమించండి. మేం కొన్నది ఆరు సిలిండర్ల బండి." చప్పట్లు లేవు. ఎవరో దగ్గారు. ఆంటీ ఆగలేదు. "ఈ పిల్ల మా ఇంట్లో తిని, మా ఇంట్లో పడుకుని, నా మొహం మీద వద్దని చెప్పింది. లేవే, లే."

లేచాను. పాస్టర్‌గారు నవ్వి, "బయటికి బాగున్న ఇంజను లోపల బాగోలేదని నీకెలా తెలిసిందమ్మా?" అని అడిగారు. ఆ హాల్లో కంఠస్థ వచనాలు తప్ప నేను ఎప్పుడూ ఏమీ చెప్పలేదు. ఆ రోజు కంప్రెషన్ అంటే ఏమిటో, వాల్వు ఎందుకు కారుతుందో చెప్పాను. నర్సులు, టాక్సీ డ్రైవర్లు, చంటిపిల్లల తల్లులు ఒక్కరూ కదలకుండా విన్నారు. గర్వం పాపమని విని పెరిగినదాన్ని. ఆ ఆదివారం గురించి దేవుని దగ్గర ఒప్పుకోవాలని చాలాసార్లు మోకరించాను. కానీ ప్రతిసారీ ఒప్పుకోలు మధ్యలోనే కృతజ్ఞతలోకి జారిపోతుంది.

కూటం అయ్యాక అందరం కార్ పార్కులోకి వెళ్లాం. మా సంఘంలో బండి ప్రతిష్ఠకు పాస్టర్‌గారు, పెద్దలు మాత్రమే బోనెట్టు మీద చేతులుంచుతారు. మిగతావాళ్లం చుట్టూ నిలబడతాం. ఆడపిల్లలు, అందులోనూ చదువుకునేవాళ్లు, ఇంకా వెనక. పాస్టర్‌గారు కళ్లు మూసుకోబోతుంటే అంకుల్ చెయ్యెత్తి ఆపారు. జనంలో నా కోసం వెతికి, "నువ్వు రామ్మా. నువ్వూ చెయ్యి పెట్టు," అన్నారు.

నా గోళ్ల సందుల్లో ముందురోజు నలుపు ఇంకా పోలేదు. దాచుకోకుండా ఆయన చేతి పక్కనే పెట్టాను. వెర్రిబీ ఎండకి బోనెట్టు కాలుతోంది. పాస్టర్‌గారు ఆ రోజు చాలాసేపు ప్రార్థించారు. పెద్దల్లో ఇద్దరు ఓర్చుకోలేక వేళ్లెత్తేశారు. నేను చెయ్యి తియ్యలేదు.