ఒడ్డు మీద ఒక్కడి మాట

అరవైల చివర్లో విజయనగరంలో బి.ఏ. చదువుతున్నప్పుడు మా చరిత్ర మాస్టారు ఒక ప్రశ్న ఇచ్చారు. యుద్ధంలో చితికిపోయిన దేశాలు కోలుకోకముందే ఒక్క మనిషి చేతిలోకి ఎందుకు వెళ్లిపోతాయి? నేను రెచ్చిపోయి కాగితాల మీద కాగితాలు నింపాను. సంధి షరతులు, మండే ధరలు, పని లేని సైనికులు, ఏదీ వదల్లేదు. మాస్టారు అడుగున ఎర్ర సిరాతో ఒక్క ముక్క రాసిచ్చారు. జనం ఎందుకు ఒప్పుకున్నారో రాయలేదట. నాకు ఒళ్లు మండింది. ఒప్పుకోక ఏం చేస్తారు, తుపాకులున్నది జనం దగ్గరా అని గొణుక్కుంటూ వేసవి సెలవులకి బస్సెక్కి మా ఊరు వచ్చేశాను.

మా ఊరు భోగాపురం అవతల సముద్రం ఒడ్డున ఉంటుంది. ఎగువ వీధి, దిగువ వీధి, మధ్యలో ఇసుక. అమ్మ పోయాక నన్ను పెంచింది దిగువ వీధిలో ఉండే మా పిన్ని. చిన్నాన్న లేడు, ఇద్దరు చిన్న ఆడపిల్లలు. పిన్ని పొద్దున్నే వల దగ్గర గంప నింపుకుని చుట్టుపక్కల రైతుల ఊళ్లు తిరిగి అమ్ముకొస్తేనే ఇంట్లో పొయ్యి వెలిగేది. ఆమె నోటికి ఊరంతా జడిసేది, నేను మరీను.

మాది ఒడ్డు నుంచి లాగే పెద్దవల. ఒక పెద్దాయన దిబ్బ మీద నిలబడి, నీటి రంగును బట్టి చేపల గుంపు ఎటుందో కనిపెట్టి పైపంచె ఊపుతాడు. పడవ అటే వెళ్లి వల వెయ్యాలి. వల నీళ్లలో ఉన్నంతసేపూ ఆయన మాటకు ఎదురు లేదు. ఇసుక మీదికి వచ్చిందా, ఇక ఆయనా మామూలు మనిషే. చేప తక్కువ పడితే ఆడవాళ్లు ఆయన్ని చెడామడా తిట్టొచ్చు, ఆయన చుట్ట వెలిగించుకుని నవ్వుతూ వినాలి. అదీ మా ఆచారం. ఆ తిట్లలో మా పిన్నిది అందె వేసిన చెయ్యి.

అంతకు రెండేళ్ల క్రితం ఒకే గుంపు మీద రెండు వీధులూ వలలు వేశాయి. వలలు చిక్కుపడ్డాయి. ముందు ఎవరు కత్తి తీశారో ఇప్పటికీ తేలలేదు గానీ, సాయంత్రానికి వలలు ముక్కలయ్యాయి, పడవల పలకలు ఊడిపోయాయి, తలలకు కట్లు పడ్డాయి. పోలీసులు దిగేసరికి మగాళ్లు ఊరొదిలి పారిపోయారు. నెలల తరబడి గంజికి కూడా కరువే. అప్పుడు రెండు వీధుల పెద్దలూ కలిసి, పటాలం నుంచి వచ్చేసి ఊరికే కూర్చున్న ఒక హవల్దారుని దిబ్బ మీద నిలబడి వల నడిపించమని కాళ్లావేళ్లా పడ్డారు. ఆయన తండ్రిది ఎగువ వీధి, తల్లిది దిగువ వీధి. అంతకంటే అర్హత ఏం కావాలి? ఏ గొడవైనా ఒడ్డు మీద పంపకాల దగ్గరే ముదురుతోంది కాబట్టి, ఒక్క ఏడాది పాటు ఒడ్డు మీద కూడా ఆయనకు ఎవరూ ఎదురు చెప్పకూడదనుకున్నారు. అందరికంటే ముందు గట్టిగా సరేనన్నది మా పిన్నే. నోరు కట్టుకుంటే కడుపు నిండుతుందంటే కట్టుకుందామందట.

నిజం చెప్పొద్దూ, ఆ వేసవిలో చూసినప్పుడు మొదట నాకూ నచ్చింది. హవల్దారు రెండు వీధుల వల ముక్కలూ కలిపి ఒకే వల కుట్టించాడు. అందరూ కలిసి లాగుతున్నారు. గంపలు బారులు తీరి ఉన్నాయి. తాడు లాగేటప్పుడు ఐలేసా పోయి ‘ఏక్, దో’ వచ్చింది. దో తరవాత ఏమిటో తెలియక ముసలాళ్లు మళ్లీ ఏక్ దగ్గరికే వచ్చేవారు. ఆయన ఈల ఊదితే కుక్కలు కూడా సర్దుకు కూర్చునేవి. నేను సరదాకి సెల్యూట్ కొడితే ఆయన సరదా పడలేదు. పిన్ని ఇంట్లో మాత్రం రెండు పూటలా అన్నం ఉడుకుతోంది.

ఒప్పుకున్న ఏడాది ఎప్పుడో దాటింది. ఆయన దిగలేదు, ఎవరూ దిగమనలేదు. ఆయన భార్య గంప అందరికంటే ముందు నిండడం, మంచి చందువ చేపలన్నీ అందులోకే పోవడం ఊరంతా చూస్తూనే ఉంది. ఒక పొద్దున పిన్ని నోరు ఆగలేదు. ఈ సందువలకి మీ ఇంటి దారి బాగా తెలిసినట్టున్నాది అని అందరూ వినేలా అనేసింది. ఆయన ఈల ఊదాడు. క్షమాపణ చెప్పేదాకా ఈమె ఒడ్డుకు దిగకూడదు, ఈమె గంపలో ఎవరూ చేప వెయ్యకూడదు అన్నాడు. పిన్ని చెప్పనంది. తాడు పట్టుకున్నవాళ్లంతా ఇసుక కేసి చూస్తూ నిలబడ్డారు. ఆమె ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని దిబ్బ ఎక్కి వెళ్లిపోతుంటే నాకు ఏడుపొచ్చింది.

పెద్దల ఇళ్లకు వెళ్లి వాదించాను. ఇప్పుడు నోరిప్పితే మళ్లీ రెండు వీధులూ లేస్తాయి, ఊరుకోమన్నారు. ఇరుగుపొరుగు పెరటి వైపు నుంచి పిల్లలకు నాలుగు చేపలు అందించేవారు గానీ, వీధిలో పిన్ని ఎదురైతే తల తిప్పుకునేవారు. చేప అమ్ముకుని బతికిన మనిషి నువ్వుల చేలల్లో కూలికి పోవడం మొదలుపెట్టింది.

చివరికి ఆయన్ని సముద్రమే దింపింది. నీటి వాలు రాళ్ల వైపు మారిందని ముసలాళ్లకు తెలుస్తూనే ఉంది. ఆయన వెయ్యమన్నాడు, వేశారు. వద్దన్నవాడు లేడు. ఉన్న ఒక్క వలా రాళ్లకు చుట్టుకుని పీలికలైంది. అప్పుడు అందరికీ ఒకేసారి నోళ్లు వచ్చాయి. హవల్దారు తల దించుకుని ఇంటికి పోయి తలుపేసుకున్నాడు. మర్నాడే పిన్ని గంపతో ఒడ్డుకు దిగింది. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

ఆ ఆనందం వారం కూడా నిలవలేదు. పీలికల్లో ఏ ముక్క ఏ వీధిదన్న దగ్గర మళ్లీ మొదలైంది. మూడో రోజుకి కర్రలు బయటికి వచ్చాయి. మధ్యాహ్నం పిన్ని తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని బయల్దేరింది. ఎక్కడికంటే హవల్దారు ఇంటికంది. క్షమాపణ చెప్పి, మళ్లీ ఆయన్నే రమ్మని అడుగుతుందట.

నాకు పిచ్చి కోపం వచ్చింది. నిన్ను గెంటేసినవాడి గుమ్మం తొక్కుతావా, సిగ్గు లేదా అని దారికి అడ్డంగా నిలబడ్డాను.

“ఆడుంటే నానొక్కదాన్నే పస్తురా. ఈళ్లు కొట్టుకున్నారంటే ఊరంతా పస్తు. అప్పుడు నా గుంటలకి పెరటి ఎనక నుంచి సేప ఇచ్చేదెవులు? తప్పుకో.”

తప్పుకున్నాను. ఆమె నాలుగడుగులు వేసిందో లేదో ఎగువ వీధి నుంచి ఇద్దరు, దిగువ వీధి నుంచి ఒక ముసలమ్మ, తరవాత ఒక్కో ఇంట్లోంచి ఒక్కొక్కరూ వచ్చి ఆమె వెనక చేరారు. ఎవరూ పిలవకుండా మా రెండు వీధులూ కలిసి నడవడం నేను చూసింది ఆ ఒక్కరోజే.