బాపు చుట్టల కుండ

మహాభారతమంత కథ చెబుతాను, పీట వేసుకుని కూర్చోండి. నిజానికి అంత లేదు. మొత్తం ఒక చుట్టల కుండలో పడుతుంది.

ఖానాపూర్‌లో మా బాపు ఆ కుండను నీళ్ల గోలెం పక్కన చల్లని ఇసుకలో ఉంచేవాడు. చల్లదనంలో నెలలు నిలవుంటే ఘాటు తగ్గి చుట్ట కమ్మనవుతుందనేవాడు. ఒక వానాకాలం జ్వరమొచ్చి, ఆయన్ను ఎడ్లబండిలో దవాఖానకు తీసుకుపోయారు. వచ్చేసరికి చుట్టలు బూజు పడతాయని మా అమ్మ, అదే అవ్వ, కుండను పొయ్యి మీది అటుకకు ఎక్కించింది. బాపు రాలేదు.

మూడోనాడు పిట్టకు పెట్టాం. పోయినవాళ్లకు ఇష్టమైనవి ఆకులో పెడితే కాకి వచ్చి ముట్టాలి. అన్నం పక్కన పెట్టబోతుంటే చుట్ట అవ్వ వేళ్ల మధ్యే పొడై రాలింది. కాకి జాడ లేదు.

"గిట్ల ఎండిన చుట్టను మా అన్న ముడుతడా వదినా?" అంది మేనత్త.

"బతికున్నప్పుడే పిలువంగనే రాలే బాపు. జర ఆగుండ్రి," అన్నాను. ఎవరూ నవ్వలేదు, నేను కూడా.

అవ్వ మిగిలిన చుట్టలను తడిబట్టలో చుట్టింది. "మెత్తగైనంక మల్ల పెడ్త. అప్పుడొస్తడు," అంది.

వేడికి ఎండిన పొగాకు తడి తగిలితే మెత్తబడుతుంది గాని, దాని వాసన తిరిగి రాదు.