నిచ్చెన బావ కెమెరా

మా బావని ఆఫీసులో అందరూ 'నిచ్చెన' అంటారు. నీటి సరఫరా ఆఫీసులో ముప్పై ఏళ్లుగా ఆయన పని ఓవర్‌హెడ్ ట్యాంకులు ఎక్కడం, పగుళ్లు వెతకడం, దిగొచ్చి రిజిస్టరులో రాయడం. ఇంట్లో బల్బు మార్చమంటే మాత్రం స్టూలు ఎక్కితే కళ్లు తిరుగుతాయనేవాడు. మా అక్క ఆ మాట ఇప్పటికీ నమ్మదు.

పోయిన వేసవిలో ఆయన ఎడమ మోకాలు మొరాయించింది. ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి ఇక నిచ్చెనల ఊసెత్తొద్దన్నాడు. ఆ సంగతి రెండు రోజుల్లో ఆఫీసుకి చేరింది. ఇంజనీరుగారు బావను పిలిచి, వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి పాత ఫైళ్ల గదిలో కూర్చోమన్నాడు. ఆ గది నేను చూశాను. కిటికీ ఉంది, కానీ దానికి అడ్డంగా బీరువా ఉంది. ముప్పై ఏళ్లు ఆకాశం కింద బతికిన మనిషిని అందులో పెట్టడమంటే చేపను తీసుకెళ్లి అటక మీద పెట్టడమే.

బావ ఒక్క మాట అడిగాడట. కింద నిలబడే ఫొటో తీసి పగుళ్లు చూపిస్తే ఒప్పుకుంటారా అని. ఇంజనీరుగారు పెన్ను మూత తిప్పుతూ సరేనన్నాడు. అయితే మిల్లీమీటరులో మూడో వంతు మందం పగులు కూడా కనబడాలి, పైకెక్కిన మనిషి చూసినవన్నీ ఫొటోలో దొరకాలి, ఈ నెలాఖరులోగా తేలిపోవాలి. అప్పటికి చేతిలో పద్దెనిమిది రోజులున్నాయి.

మర్నాడు సాయంత్రం బావ చంకలో ఒక పెట్టెతో ఇల్లు చేరాడు. అందులో నల్లటి కెమెరా. దానికి లెన్సు ఊడదు, మార్చడానికి లేదు. ఒక్క లెన్సే దగ్గరా దూరమూ అన్నీ చూసుకుంటుంది. మీట నొక్కితే ముక్కు ముందుకు పొడుచుకొస్తుంది. వీధి చివరి ఇంటి గోడ మీద బల్లి కూడా వాకిట్లో ఉన్నట్టే కనబడుతుంది. అక్క దాన్ని ఎగాదిగా చూసి అంది:

"మోకాలికి పట్టీ కొనుక్కోమంటే దుర్భిణీ కొనుక్కొచ్చారా?"

నేనుండేది అదే వీధిలో. కాబట్టి పరీక్షకి నేను తప్పలేదు. బావ బతుకు కోరేవాడు బావమరిది అంటారు గానీ, అట్టముక్క మోసేవాడు కూడా వాడేనని ఎవరూ చెప్పరు. బావ అట్ట మీద తెల్ల కాగితం అంటించి, మూడు రకాల పెన్నులతో మూడు గీతలు గీశాడు. ఒకటి మిల్లీమీటరు, ఒకటి అర, ఒకటి మూడో వంతు. వీధికి అడ్డంగా టేపు పట్టి, ఒక కారాయనను ఆపి మరీ కొలిచి, ఎదుటి మేడ మీద నలభై మీటర్ల దూరంలో నన్ను నిలబెట్టాడు. మిట్టమధ్యాహ్నం. నేను మాడిపోతున్నాను, ఆయన తన డాబా మీద గొడుగు కింద హాయిగా మీటలు నొక్కుతున్నాడు.

రాత్రి కంప్యూటరులో చూస్తే మూడు గీతలూ వానలో తడిసిన ఉత్తరంలా ఒకదాన్లోకి ఒకటి కరిగిపోయాయి. మర్నాడు షాపుకి తీసుకెళ్తే అక్కడాయన జాలిగా, ఇలాంటి కెమెరాల్లో బొమ్మ పట్టే సెన్సరు చిన్నది, దూరం చూపిస్తాయి గానీ సన్నం చూపించవు అన్నాడు. నాకూ అంతే అనిపించింది. దారిలో ఆ మాట అనబోయి, బావ మొహం చూసి ఎండ గురించి మాట్లాడాను.

ఆయన మాత్రం ఒక కొత్త నోటుబుక్కు కొన్నాడు. ట్యాంకును ఎలా పరీక్షిస్తాడో కెమెరానూ అలాగే పట్టుకున్నాడు. టైము, జూము, స్టాండు ఉందా లేదా, వెలుతురెంత అని గళ్లు గీసి, రోజుకి యాభై ఫొటోలు. నాలుగో రోజున అసలు దొంగ దొరికాడు. రెండు మేడల మధ్య ఒక రేకుల షెడ్డుంది. మధ్యాహ్నం ఆ రేకుల మీంచి లేచే సెగలో గీతలు ఈదుతున్నాయి. పొద్దున్న ఆరున్నరకి అవే గీతలు బుద్ధిగా నిలబడ్డాయి. తర్వాత ఇంకోటి. జూము చివరంటా లాగితే గీతల అంచుల్లో ఊదారంగు పొగ. కాస్త ముందే ఆపితే పొగ పోయింది. వెలుతురు చాలకపోతే కెమెరా దానంతటదే సున్నితత్వం పెంచుకుని, బొమ్మను అలికేస్తోంది. ఆ సున్నితత్వాన్ని తక్కువలో బిగించి, కెమెరాను స్టాండు మీద పెట్టి, మీట నొక్కి చెయ్యి తీసేశాక రెండు క్షణాలాగి తీసుకునేలా పెడితే మూడో గీత కూడా వచ్చింది. సన్నగా, కానీ వచ్చింది.

ఈలోగా ఎదుటి మేడ టీచరమ్మ మా అక్క దగ్గరికి వచ్చింది. మీవారు రోజూ పొద్దున్నే మా డాబా వైపు గొట్టం పెట్టి ఏం చూస్తున్నారో కనుక్కోండి అని, మర్యాదగానే, కానీ కూర్చోకుండా. రోజూ అడక్కుండా ఆవిడ డాబా ఎక్కి అట్ట పట్టుకుంటున్న నేను మెల్లగా వంటింట్లోకి జారుకున్నాను. బావకి ఇబ్బందన్నదే తోచలేదు. కంప్యూటరు తెరిచి చూపించాడు.

"ఇది మీ బట్టల క్లిప్పేనండి. స్ప్రింగు తుప్పు పట్టింది, చూడండి. దుప్పటికి మరకవుతుంది."

ఆవిడ కళ్లజోడు సవరించుకుని చూసింది. తుప్పు నిజమే. కోపం అక్కడే ఆగి, తన ఫొటో ఒకటి తీసిపెట్టమంది. మర్నాడు పొద్దున బావ నలభై మీటర్ల నుంచి, తన పద్ధతులన్నీ పాటించి తీశాడు. ఆవిడ దాన్ని పెద్దది చేసి, ఇంకా పెద్దది చేసి, చాలాసేపు చూసింది.

"కెమెరా మంచిదేనండి," అంది చివరికి. "మనుషులకి ఇంత మంచిది అక్కర్లేదు."

ఆ రోజు నుంచి అట్టముక్కను ఆవిడ రెయిలింగుకే కట్టుకోనిచ్చింది. నాకు విముక్తి.

పరీక్ష రోజు వచ్చింది. బావ పొద్దున ఆరున్నర అడిగితే, ఇంజనీరుగారు పదకొండన్నాడు. ట్యాంకు చుట్టూ సిమెంటు నేల పెనంలా కాలుతోంది. ఒకప్పుడు బావ దగ్గరే పని నేర్చుకున్న మేస్త్రీ పైకెక్కి, పదకొండు పగుళ్లు రాసుకుని దిగాడు. బావ తీసిన ఫొటోలో నాలుగే కనిపించాయి, అవీ వణుకుతూ. మేస్త్రీ తనే తప్పు చేసినట్టు బూట్లు చూసుకున్నాడు. బావ నోటుబుక్కు తెరిచి, మధ్యాహ్నం తీసిన గీతల ఫొటో, పొద్దున తీసిన గీతల ఫొటో పక్కపక్కన పెట్టి ఇంజనీరుగారి చేతికిచ్చాడు. ఆయన రెండూ చూసి, వాచీ చూసి, రేపు పొద్దున, ఇంకొక్కసారే అన్నాడు.

మర్నాడు ఆరున్నరకి ఇంజనీరుగారు ఆవలిస్తూ వచ్చాడు. బావ ట్యాంకు చుట్టూ ఎనిమిది చోట్ల స్టాండు పాతి, ప్రతిచోటా ఊపిరి బిగబట్టి తీశాడు. ఆఖర్న, ఎవరూ అడగకపోయినా, లెన్సు పైకెత్తి ట్యాంకు పొట్ట తీశాడు. స్తంభాల మధ్య, నీళ్ల బరువంతా ఆనే ఆ అడుగుభాగం ఎప్పుడూ నీడలోనే ఉంటుంది. నిచ్చెన అక్కడికి పోదు. అది పక్కగోడ వెంట పైకి పోతుంది.

ఆఫీసు కంప్యూటరు ముందు అందరం గుమిగూడాం. మేస్త్రీ రాసిన పదకొండూ ఒక్కొక్కటే దొరికాయి, మూడో వంతు వాటితో సహా. పదకొండోదానికి మేస్త్రీయే ముందు చప్పట్లు కొట్టాడు. తర్వాత పొట్ట ఫొటో తెరిచారు. దాని మీద వాలుగా ఒక పొడుగాటి పగులు, వెంటే నీరూరి ఆరిన తెల్లటి చార.

ఇంజనీరుగారు రిజిస్టరు తెప్పించాడు. 'అడుగుభాగం' గడిలో ఏటేటా ఒకే మాట: 'సంతృప్తికరం'.

"ఇది చూసి రాసిందెవరు?"

"చూసినవాళ్లు ఎవరూ లేరు సార్," అన్నాడు బావ. "రాసింది నేను. ముప్పై ఏళ్లు. అంతకుముందు మా గురువుగారు. గడి ఖాళీగా ఉంచకూడదని నేర్పారు, నేను మేస్త్రీకి అదే నేర్పాను."

గెలిచిన మనిషి నోరు మూసుకుంటే ఏం పోయేది? ఇంజనీరుగారు రిజిస్టరు మూశాడు. మళ్లీ తెరిచి, ఆ పగులు వంక చూశాడు.

"ముప్పై ఏళ్లు నిచ్చెనెక్కి చూడనిది నేల మీద నిలబడి చూశారు. ఫైళ్ల గదికి ఇంకెవరినైనా వెతుక్కుంటాను. ముందు ఈ ట్యాంకు ఖాళీ చేయించండి. తర్వాత ఊళ్లో ఉన్న ట్యాంకుల పొట్టలన్నీ మీవే."

నలభై ఒకటున్నాయి. జీపులో ముందు సీటు బావది, స్టాండు పట్టుకుని వెనక మేస్త్రీ. ఆ నెలంతా భోజనాల దగ్గర ఆయన ట్యాంకుల పొట్టల గురించే చెప్పాడు. ఏది నున్నగా ఉందో, ఏది చెమటలు పడుతోందో, పెళ్లిచూపులకి వెళ్లొచ్చినవాడిలా వివరంగా. మా అక్క ఒక్కసారి కూడా విసుక్కోలేదు. రోజూ పొద్దున ఐదింటికే లేచి ఫ్లాస్కులో కాఫీ పోసి, కెమెరా సంచీ పక్కన పెట్టింది.