సలహాల బాబాయి తోటలో నక్కలు

మా వీధి మలుపులో సెలూన్ నడిపే ఆయనను అందరూ సలహాల బాబాయి అంటారు. ముప్పై ఏళ్లలో ఆయన చేతిలో కత్తెర ఆగిన రోజులున్నాయి గాని నోట్లో సలహా ఆగిన రోజు లేదు. మన తల ఆయన చేతిలో ఉంటుంది, గడ్డం కింద కత్తి ఉంటుంది. కాదనే పరిస్థితి మనకు ఉండదు. మోకాలి నొప్పి, కారే పైకప్పు, పక్కింటివాళ్లతో గోడ తగాదా, దేనికైనా ఆయన దగ్గర మందు ఉండేది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు కదా, బాబాయికి రోజుకు పదిహేను మంది లోకువ.

ఆయన భార్య సెలూన్ వెనక గదిలో కుట్టుమిషన్ పెట్టుకుని పొడుగు ప్యాంట్లు పొట్టి చేస్తుంది, పోయిన జిప్పులు మారుస్తుంది. పనిలో ఉన్నంతసేపూ ఆమె పెదవుల మధ్య నాలుగైదు గుండుసూదులు ఉంటాయి. అందుకని ఆమె మాటలు రెండే: ఊఁ, ఊహూఁ. బాబాయి ఆ రెండింటినీ అవుననే అర్థం చేసుకునేవాడు.

ఆ గది కిటికీలోంచి చూస్తే కూరగాయల తోట. నాలుగే మడులు. టమాటా, బీన్స్, క్యాబేజీ, చివర గుమ్మడి. చిన్నదే గాని బాబాయికి అదే రాజ్యం.

ఒకరోజు పొద్దున్నే ఆయన నీళ్ల డబ్బాతో వెళ్లేసరికి క్యాబేజీ మడి మొత్తం తవ్వి ఉంది. మొక్కలు వేళ్లు పైకి పెట్టి పడున్నాయి. రెండు రోజులకు టమాటాల వంతు వచ్చింది. మూడోసారి దొంగ స్వయంగా దర్శనమిచ్చింది. బాబాయి పళ్లు తోముకుంటూ వెనక తలుపు తీశాడు. గుమ్మడి ఆకుల మధ్య రెండు చెవులు, వాటి వెనక గుబురు తోక. నక్క ఆయన వైపు చూసి, తీరిగ్గా ఆవులించి, కంచె కింది సందులోంచి వెళ్లిపోయింది. బ్రష్ నోట్లో ఉండగా బాబాయి దాన్ని తిట్టడానికి చేసిన ప్రయత్నమంతా నురగ రూపంలో చొక్కా మీద పడింది.

కబురు మధ్యాహ్నానికల్లా వీధంతా పాకింది. కుర్చీలో కూర్చున్న రిటైర్డ్ హెడ్‌మాస్టరు గారు అద్దంలోంచి బాబాయిని చూసి అన్నారు. "నక్క తోక తొక్కితే అదృష్టమంటారు. నక్కే మన తోట తొక్కితే ఏమంటారోయ్?"

బెంచీ మీదున్న వాళ్లంతా గొల్లుమన్నారు. ఆ రోజునుంచి సలహాలు ఎదురు తిరిగాయి. ఇన్నాళ్లూ ఆయన మాట వింటూ మెడ వంచినవాళ్లంతా వడ్డీతో సహా తీర్చుకోవడం మొదలుపెట్టారు.

"మనిషి వాసన ఉంటే నక్క రాదు. జుట్టు చల్లు. నీకు సరుకు కరువా?" అన్నారు హెడ్‌మాస్టరు గారే.

బాబాయి రెండు సంచుల జుట్టు ఊడ్చి మడుల చుట్టూ చల్లాడు. మర్నాడు కొత్త గుంతలు పడనే పడ్డాయి, జుట్టు మాత్రం గాలికి లేచి కాయలకు అంటుకుంది. భార్య టమాటా కడుగుతూ ఒక పొడుగాటి తెల్ల వెంట్రుక పైకెత్తింది.

"ఇది మాస్టారిది," అంది. ఆ పూట ఇంట్లో కూర వండలేదు.

పోస్టుమ్యాన్ రేడియో పెట్టమన్నాడు. మనుషుల గొంతు వినపడితే జంతువు దగ్గరికి రాదట. చీకటి పడగానే బాబాయి రేడియో తీసుకెళ్లి గుమ్మడి మడిలో పెట్టాడు. తెల్లారి కిటికీలోంచి చూసిన భార్య చెప్పింది. "ఈసారి రెండొచ్చాయి. ఒకటి తవ్వింది. ఇంకోటి కూర్చుని వార్తలు వింది."

ఇక లాభం లేదని బాబాయి సొంత బుర్రకు పదును పెట్టాడు. రెండు కర్రలకు తన పాత తెల్లకోటు తొడిగి, కుండను తల చేసి, చేతికి తుప్పు కత్తెర కట్టి దిష్టిబొమ్మను నిలబెట్టాడు. నక్కలు దాని నీడలో కునుకు తీశాయి. హెడ్‌మాస్టరు గారు మాత్రం ఆ సాయంత్రం కళ్లజోడు మరచి కంచె పక్కగా వెళ్తూ, దానితో పది నిమిషాలు తన రక్తపోటు గురించి మాట్లాడి వచ్చారు.

"బాబాయికి ఒంట్లో బాగోలేనట్టుందమ్మా. ఒక్క సలహా కూడా ఇవ్వలేదు," అని దిగులుగా చెప్పి వెళ్లారు బాబాయి భార్యతో.

మరో వారం గడిచాక ఒక ఉదయం ఆమె మిషన్ ఆపి భర్తను పిలిచింది. ఆయన వచ్చేసరికి నోట్లో సూదులన్నీ ఒక్కొక్కటిగా తీసి సూదుల దిండులో గుచ్చుతోంది. ఐదు సూదులూ తీసిందంటే మాట చాలా పెద్దదే అయ్యుండాలి.

"ఏవండీ, నక్క ఇప్పటిదాకా ఒక్క టమాటా తిన్నదా?"

"లేదు."

"బీన్స్?"

"లేదు. అయినా నీకెందుకొచ్చింది ఆ అనుమానం?"

"మరి తిననిదానికి ఎందుకు తవ్వుతోంది?"

"దాని బుద్ధే అంత. నక్క జిత్తులని ఊరికే అన్నారా?"

"జిత్తులు కాదు. మీ చేప తలకాయలు."

ఆమె ఆయనను తోటలోకి తీసుకెళ్లి, ఒక గుంతలోంచి నమిలి వదిలేసిన చేప ఎముకను కత్తెర కొసతో పైకి తీసింది. సెలూన్ పక్కన చేపలమ్మే అక్క రోజూ పారేసే తలకాయలను బాబాయే అడిగి తెచ్చి, మొక్కకు ఒకటి చొప్పున వేళ్ల కింద పాతాడు. దానంత బలమైన ఎరువు లేదని ఆయన నమ్మకం.

"పొద్దున కళ్లారా చూశాను. ఒక్కో మొక్కా పీకి, తలకాయ తీసుకుని, పక్క మొక్క దగ్గరికి వెళ్తోంది. పిలిచి పీట వేసింది మనమే."

"ముందే చెప్పొచ్చుగా!"

"మీరు పాతిన రోజే చెప్పాను. ఊహూఁ అన్నాను."

బాబాయి అక్కడే మడి గట్టున చతికిలబడ్డాడు. నక్కలు ఎందుకొస్తున్నాయో తెలిసినందుకు కాదు. ఆ ఎరువు సంగతి తను ఎవరెవరికి చెప్పాడో గుర్తొచ్చినందుకు. హెడ్‌మాస్టరు గారి గులాబీలకు, పోస్టుమ్యాన్ చిక్కుడుకు, నా బెండ మొక్కలకు కూడా. నేనూ పాతాను, దాచడమెందుకు? నా మొక్కలు లేచిపోతున్నాయని మొన్ననే మొర పెట్టుకుంటే, "ఇంకో తలకాయ ఎక్కువ వెయ్యి, వేరు నిలదొక్కుకుంటుంది," అని చెప్పింది కూడా ఈయనే.

ఆ రోజు ఆయన సెలూన్ ఆలస్యంగా తెరిచాడు. మిగిలిన తలకాయలన్నీ ముక్కుకు గుడ్డ కట్టుకుని తవ్వి తీశాడు. భార్య పాత కిటికీల ఇనుప వల తెచ్చి మడుల మీద పరిచి, అంచులకు ఇటుకలు పెట్టింది.

మొదట వచ్చిన గిరాకీ హెడ్‌మాస్టరు గారే. బాబాయి మాట్లాడకుండా నీళ్లు చిలకరించాడు. మాట్లాడకుండా దువ్వాడు. మాస్టారికి చెమటలు పట్టాయి.

"ఏమోయ్, నా తలలో గడ్డేదైనా కనిపించిందా? దాచకుండా చెప్పు."

"గడ్డ లేదు, ఏం లేదు. మాస్టారూ, మీ గులాబీల కింద చేప తలకాయలు పెట్టారా?"

"నువ్వు చెప్పాక పెట్టకుండా ఉంటానా? రెండేసి పెట్టాను."

కత్తెర ఆగింది. "తీసెయ్యండి. నక్కలు వాటికోసమే వస్తున్నాయి. తప్పు నాదే."

బెంచీ మీద పేపరు చదువుతున్నవాడు పేపరు దించాడు. మాస్టారు అద్దంలోంచి ఆయన వైపు చూశారు.

"ముప్పై ఆరేళ్లు పాఠం చెప్పాను. తప్పు నాదనే మాట నా నోట ఒక్కసారీ రాలేదోయ్," అన్నారు. అంతలోనే గతుక్కుమన్నారు. "అయ్యో! పక్కింటాయన కుక్కే తవ్వుతోందని రెండు వారాలుగా ఆయనతో మాటలు మానేశాను. ఇప్పుడెలా?"

బాబాయి నోరు తెరిచాడు. ఒక సలహా నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, "ఏమో మాస్టారూ, నాకు తెలీదు," అన్నాడు. ఆ మాట అనడం ఆయనకు చెయ్యి తిరగని పని. చెవులదాకా ఎర్రబడ్డాడు.

మాస్టారు ఆ సాయంత్రమే పక్కింటికి వెళ్లారు. ఏం చెప్పారో తెలియదు గాని, మర్నాడు ఇద్దరూ కలిసి గులాబీల కింద తవ్వుతుంటే కుక్క మధ్యలో దూరి సాయం చేసింది. వారం తిరిగేసరికి బాబాయి అందరికీ పేరు పేరునా చెప్పేశాడు. నా దగ్గరికైతే ఇంటికే వచ్చి, నాతోపాటు గునపం పట్టాడు. నక్కలు రెండు మూడు రోజులు వలను గీకి చూసి, తర్వాత చేపలక్క తలకాయలు పారబోసే కాలవ గట్టుకు మకాం మార్చాయి. ఆమెకు అభ్యంతరం లేదు, ఎలుకలు తగ్గాయంది.

తోటలో మిగిలిన గుమ్మడి తీగ ఒకే ఒక్క కాయ కాసింది. చెంబుకన్నా కాస్త పెద్దది. బాబాయి దాన్ని తెచ్చి సెలూన్ అద్దం ముందు పెట్టాడు. వీధికి కొత్తగా వచ్చినాయన గడ్డం గీయించుకుంటూ దాన్ని చూసి, "భలే నిగనిగలాడుతోందండీ, ఏం వేశారు?" అని అడిగాడు.

బెంచీ మీద అందరం ఊపిరి బిగబట్టాం.

"నీళ్లు," అన్నాడు బాబాయి.

ఆ నీళ్లు ఏ వేళప్పుడు పోయాలో, ఏ చేత్తో పోయాలో, పోసేటప్పుడు ఎటు తిరిగి నిలబడాలో చెప్పేసరికి మాత్రం అరగంట పట్టింది.