ఆడ సాలులో విచ్చిన పువ్వు

కుంచె మొన సన్నగా రావాలంటే పెదవుల మధ్య పెట్టి తిప్పుతారు, నీటిరంగులతో పని చేసే చాలామందికి ఉన్న అలవాటే అది. నేను మాత్రం చచ్చినా పెట్టను. ఆదోనిలో మా మిద్దె మీది గదిలో, కిటికీ పక్కన, మందపాటి కాగితాలు, భూతద్దం, పట్టకారు, ఏడెనిమిది కుంచెలు, గ్లాసులో నిన్న తెచ్చిన పత్తి కొమ్మ, వాటి పక్కన తడిపి మడిచిన పాత చీర పేలిక ఒకటి ఉంటాయి. మొన తీర్చుకునేది ఆ పేలిక మీదే. ఎమ్మిగనూరు మగ్గం చీర అది, అమ్మది. బొమ్మలు నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు ఎందుకలా అని అడిగితే పళ్లు పాడవుతాయని ఏదో చెప్పి తప్పించుకుంటాను.

నాకు పదకొండేళ్లప్పుడు, దసరా సెలవుల్లో, అమ్మ వెంట విత్తన పత్తి చేనికి పోయేదాన్ని. వాన వెలిసిన నల్లరేగడి అరికాళ్లకు మందంగా అంటుకునేది, డబ్బాలో జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి ఉండేవి, మధ్యాహ్నం నుంచి, విత్తనం కాసే ఆడ సాళ్లలో వంగి మర్నాడు విచ్చబోయే మొగ్గలను వెతికి, బొటనవేలి గోటితో చీల్చి, రేకులనూ పుప్పొడి తిత్తులనూ ఒక్క గుంజుతో ఊడదీసి, మధ్యలో కాడను మాత్రం విరగకుండా నిలబెట్టేవాళ్లం. మరుసటి పొద్దున్నే, పుప్పొడి కోసమే వేసిన మగ సాళ్లలో కోసిన పువ్వులను ఆ కాడలకు రుద్దేవాళ్లం. క్రాసింగు పని అనేవాళ్లు దాన్ని. పువ్వు లోపల ఏది ఎక్కడుంటుందో నాకు నేర్పింది ఆ పనే.

మగ సాళ్ల పసుపు పువ్వులు రోజూ చూసేదాన్ని. కానీ వందల మొగ్గలు గిల్లిన ఆడ చెట్టుకు పువ్వు విచ్చితే ఎట్లుంటుందో ఒక్కసారీ చూడలేదు. చూసి నోటుబుక్కులో గీసుకోవాలని ఒకటే ఆరాటం. ఒక సాయంత్రం మూడో సాలు చివర ఒక మొగ్గను గిల్లకుండా ఆకు కింద వదిలేశాను. ఎంత బుద్ధిలేని పనో తెలియక కాదు. అది విచ్చి తన పొడి తానే పట్టుకుంటే విత్తనం చెడుతుంది. అంతకు ముందే రెండుసార్లు అలాంటివి దొరికాయని విత్తన కంపెనీ సూపర్‌వైజరు అమ్మను అందరి ముందూ నిలబెట్టి, "ఇంకొక్క పువ్వు కనపడితే రేపట్నించి ఈ చేన్లేకి రాగాకండి" అన్నాడు. నాన్న మంచం పట్టిన ఏడాది అది, ఆ పనే మాకు కూడు.

పొద్దున్నే పోయి గీసుకుని తుంచేద్దామనుకున్నాను. మేం పోయేసరికే అతను మొదటి సాలులో ఉన్నాడు. ఆడవాళ్ల చేతులు చూస్తాడు, ఒడి దులపమంటాడు, చెట్ల కింద మట్టి కూడా వదలడు. మూడో సాలులో పని చేస్తున్న అమ్మ దగ్గరికి పోయి చెవిలో చెప్పేశాను. అమ్మ సాలు చివరికి నడిచి ఆకు ఎత్తింది. మీగడ రంగు రేకులు, అడుగున లేత వంగపండు ఛాయ, రెప్పపాటు చూశాను, అంతే. అమ్మ దాన్ని తుంచి, తమలపాకు వేసుకున్నట్టు నోట్లో పెట్టుకుంది.

ముందురోజే ఆ చేనికి పురుగుమందు కొట్టారు.

సూపర్‌వైజరు వచ్చి, "ఏమ్మా, ఈ సాలంతా సూసినావా?" అన్నాడు. అమ్మ తలూపింది. అతను ఒడి దులిపించాడు, చెట్టు చెట్టు కిందా వంగి చూశాడు, అంతసేపూ అమ్మ నోరు తెరవలేదు, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. అతను నాలుగో సాలుకు దాటాకే ఉమ్మేసి, నోరు కడిగి, కొంగుతో తుడుచుకుంది. మధ్యాహ్నానికి వాంతులు మొదలయ్యాయి. ఎండదెబ్బ అనుకున్నారు అందరూ. నన్ను నోరెత్తనివ్వలేదు అమ్మ. గట్టు మీద ఆమె తల నా ఒళ్లో పెట్టుకుని, మా అమ్మను నేనే చంపుకున్నాననుకుంటూ కూర్చున్నాను. పొద్దు వాలాక లేచి కూర్చుంది.

"బొమ్మ గీసుకుంటివా?"

"లేదుమా."

"సూసినావు గదా. ఇంటికి పోయి గీయి."

ఇప్పుడు ఆ చేను ఇళ్ల స్థలాలైపోయింది, హద్దురాళ్లు పాతారు, ఆ పక్క క్రాసింగు పనికి పోయేవాళ్లూ లేరు. ఆ పువ్వును చూసింది మేమిద్దరమే. దాన్ని ఎన్నిసార్లు గీశానో, అడుగున ఆ ఛాయ ఒక్కసారీ కుదరలేదు. ఈ ఉదయం మళ్లీ అదే గీస్తుంటే అమ్మ మెట్లెక్కి, ఆయాసపడుతూ వచ్చి నా పక్కన నిలబడింది.

"కుంచె నోట్లో పెట్టుకోలేదు గదా పాపా?"

లేదన్నాను. అయినా పేలికను వేలితో తాకి, తడి ఉందని చూసుకున్నాకే బొమ్మ వైపు తిరిగింది.